పేరు కలిస్తే చుట్టాలైపోతారా?



ఘట్‌కేసర్ వైపు హాస్టళ్లలో ఉండి చదువుకునే మన పిల్లలకు ఉప్పల్ అంటే బస్సు మారే చోటు. పంజాబ్‌లో ఉప్పల్ అనేది ఇంటిపేరు. ఊరి పేరు విషయంలో ఇది తమాషాగానే ఉంటుంది. తెగ పేరు విషయంలో అలా కాదు, వ్యవహారం సర్టిఫికెట్ దాకా వస్తుంది.

ఎస్టీ జాబితాలో 'గౌడు' ఉంది, పక్కనే 'ఏజెన్సీ ప్రాంతంలో' అని రాసి ఉంది. మైదానంలో కల్లు గీసే గౌడ్‌లు బీసీలు. కర్ణాటకలో గౌడ అంటే ఊరి పెద్ద. అలాగే కొండరెడ్లు ఎస్టీలు, రెడ్లు ఓసీలు. "పేరులో రెడ్డి ఉంది, నీకు రిజర్వేషన్ ఏంటి?" అని అడిగేవాళ్లకు ఈ తేడా మనమే చెప్పాలి.

ఇక గోండు. 1866లో అచ్చయిన స్టీఫెన్ హిస్లాప్ రాతల్లో గోండు, ఖోండు ఒకే మాట అనీ, తెలుగు 'కొండ'తో సంబంధం ఉండొచ్చనీ ఉంది. వినడానికి సరిపోయినట్టే ఉంటుంది. కానీ గోండులు తమ భాషలో తమను 'కోయితూర్' అని చెప్పుకుంటారు. గోండు బయటివాళ్లు పెట్టిన పేరనీ, అది ఎలా పుట్టిందో తేలలేదనీ 1916లోనే రస్సెల్, హీరాలాల్ రాశారు. గోదావరి ఒడ్డు కోయలు కూడా తమను కోయితూర్ అనే చెప్పుకుంటారు. అంటే బయటి పేర్లు రెండైనా సొంత పేరు ఒక్కటే.

మరి చుట్టరికం ఎలా పట్టాలి? ఒక్క మాట పట్టుకుంటే సరిపోదు. గోండిలో రండ్, ముండ్, నాలుంగ్. తెలుగులో రెండు, మూడు, నాలుగు. ఇక్కడ లెక్క వరసగా కలుస్తోంది. రెండూ ద్రావిడ భాషలే.

పేరు తికమక ఎంత దూరం పోతుందో మహారాష్ట్ర చూసింది. అక్కడి జాబితాలో ఉన్నది 'గోండ్ గోవారి'. ఆ పేరు తమదేనని గోవారీలు పోరాడారు. 1994 నవంబర్ 23న నాగపూర్‌లో వాళ్ల ఊరేగింపులో తొక్కిసలాట జరిగి 114 మంది చనిపోయారు. గోవారి, గోండ్ గోవారి ఒకటి కాదని సుప్రీంకోర్టు 2020 డిసెంబర్‌లో తీర్పు ఇచ్చింది.

అందుకే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు తాతనో అవ్వనో అడగండి: మన భాషలో మనల్ని మనం ఏమంటాం? ఆ మాట రాసి పెట్టుకోండి. కాగితం మీది పేరు మనకు హక్కు ఇస్తుంది. మనం ఎవరమో చెప్పేది మాత్రం ఇంట్లో పలికే పేరే.