గీత కలిసింది, లెక్క తప్పింది: సికింద్రాబాద్ దోమ నుంచి కరోనా గ్రాఫ్ దాకా

ఈరోజు హిస్టరీలోకి వెళ్లేముందు నా తప్పు ఒకటి చెప్పుకోవాలి.

2020 ఏప్రిల్. లాక్‌డౌన్. చేతిలో ల్యాప్‌టాప్ ఉంది, కోడింగ్ వచ్చు, కాస్త పొగరు కూడా ఉంది. రోజూ వచ్చే కేసుల లెక్కలు తీసుకుని ఒక గ్రాఫ్ గీశాను. గీత భలే నీట్‌గా కుదిరింది. మే నెలాఖరుకి కరోనా తగ్గిపోతుందని ఫ్యామిలీ వాట్సాప్ గ్రూప్‌లో పెట్టేశాను. "మనోడు బీటెక్, లెక్కేసి చెప్పాడు" అని మా పెదనాన్న ఆషాఢం రాకముందే, జూన్‌లో మా అక్క పెళ్లి పెట్టుకున్నారు. రూల్ ప్రకారం 50 మందితోనే చేశాం. పెళ్లయిన వారానికి ఇంట్లో 7 మందికి పాజిటివ్. పెదనాన్న 11 రోజులు ఆక్సిజన్ మీద ఉండి బయటపడ్డారు. ఇంటికొచ్చాక నాతో ఒకే మాట అన్నారు: "నీ గ్రాఫ్ కంటే పంచాంగం నయం రా."

మన దేశంలో మొదటి వేవ్ పీక్‌కి వెళ్లింది సెప్టెంబర్‌లో. నేను చెప్పింది మే. మరి ఎక్కడ తప్పాను? ఇది తెలియాలంటే అసలు జబ్బుల మీద లెక్కలు వేయడం ఎందుకు మొదలైందో చూడాలి. ఆ కథ మన సికింద్రాబాద్‌ని తాకుతూ వెళ్తుంది.

1897 ఆగస్టు 20. రొనాల్డ్ రాస్ అనే బ్రిటిష్ ఆర్మీ డాక్టర్ సికింద్రాబాద్‌లో మైక్రోస్కోప్ కింద ఒక దోమ కడుపు చూస్తున్నాడు. అది హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని కుట్టిన దోమ. దాని కడుపు గోడలో మలేరియా క్రిమి కనిపించింది. బేగంపేటలో ఆయన పేరుతో ఉన్న భవనం దీని గుర్తే. 1902లో ఆయనకి నోబెల్ వచ్చింది. ఇంతవరకు మనం స్కూల్లో చదువుకున్నదే. ఆ తర్వాత కథ ఎవరూ చెప్పరు.

దోమల వల్ల మలేరియా వస్తుందని తెలిసింది కాబట్టి దోమల్ని తగ్గిద్దాం అన్నాడు రాస్. అధికారులు ఒప్పుకోలేదు. దోమలన్నిటినీ చంపడం అయ్యే పనేనా అన్నారు. పైగా లాహోర్ దగ్గర మియాన్ మీర్‌లో 1901 నుంచి చేసిన ప్రయత్నం ఆశించిన ఫలితం ఇవ్వలేదు. అప్పుడు రాస్ లెక్క పట్టుకున్నాడు. 1908లో మారిషస్ మలేరియా మీద రాసిన రిపోర్టులో, తర్వాత 1911లో తన పుస్తకంలో దాన్ని పెంచుకుంటూ వెళ్లాడు.

ఆ ఆలోచన మీకు సింపుల్‌గా చెప్తాను. అంకెలు మాత్రం ఉదాహరణకి నేను పెట్టుకున్నవి. ఒక ఊళ్లో ఒక రోగి ఉన్నాడు. అతన్ని 48 దోమలు కుట్టాయి. క్రిమి దోమలో ఎదగడానికి సుమారు పది రోజులు పడుతుంది, అప్పటిదాకా మూడింట ఒక వంతే బతుకుతాయి అనుకుందాం. అంటే 16. వాటిలో నాలుగింట ఒక వంతే మళ్లీ మనిషిని కుడతాయి. అంటే 4. ఒక్క రోగి నుంచి నలుగురు కొత్త రోగులు. ఇప్పుడు 48 దోమల బదులు 12 ఉంటే? ఒక రోగికి ఒక్క కొత్త రోగి. 12 కంటే తగ్గితే ఒకరి బదులు ఒకరు కూడా రారు. ఊళ్లో దోమలు ఇంకా ఉంటాయి, మలేరియా మాత్రం మెల్లగా ఆరిపోతుంది.

అర్థమైందా? అన్నిటినీ చంపక్కర్లేదు, ఒక హద్దు కిందకి తెస్తే చాలు. రాస్ చెప్పింది ఇదే. గమనించండి, మలేరియా ఫలానా తేదీకి పోతుందని ఆయన చెప్పలేదు. ఏది ఎంత తగ్గిస్తే జబ్బు ఆగుతుందో చెప్పాడు.

రాస్‌తో కలిసి 1901లో సియెరా లియోన్ వెళ్లిన మెక్‌కెండ్రిక్ అనే డాక్టర్ ఉన్నాడు. లెక్కల మీద దృష్టి పెట్టమని రాసే ఆయన్ని ప్రోత్సహించాడు. మెక్‌కెండ్రిక్ చాలా ఏళ్లు ఇండియాలో పనిచేసి, కసౌలీ పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌ని నడిపి, జబ్బుపడి ఎడిన్‌బరో వెళ్లిపోయాడు. అక్కడ కెర్‌మాక్ అనే కెమిస్ట్ తోడయ్యాడు. 1924లో ల్యాబ్ ప్రమాదంలో కెర్‌మాక్‌కి చూపు పోయింది. అయినా వదల్లేదు. ఇద్దరూ కలిసి 1927లో ఒక పేపర్ రాశారు. జనాన్ని మూడు గుంపులు చేశారు: జబ్బు ఇంకా రానివాళ్లు, ఉన్నవాళ్లు, తగ్గినవాళ్లు లేదా చనిపోయినవాళ్లు. కరోనా టైంలో మనం విన్న చాలా మోడల్స్‌కి మూలం ఇదే.

ఆ పేపర్‌లో ఒక గ్రాఫ్ ఉంది. 1905 డిసెంబర్ నుంచి 1906 జూలై దాకా బొంబాయిలో ప్లేగు చావుల లెక్క. వాళ్ల గీత ఆ చుక్కల మీద చక్కగా కూర్చుంది. కానీ బొంబాయి ప్లేగు ఎలుకలు, వాటి మీది ఫ్లీ అనే పురుగుల ద్వారా వచ్చేది. చలికాలంలో పెరిగి ఎండలకి తగ్గేది. మళ్లీ ఏడాది వచ్చేది. అంటే మోడల్ అనుకున్న కారణం ఒకటి, బొంబాయిలో జరిగింది ఇంకొకటి. అయినా గీత కలిసింది.

నా తప్పు సరిగ్గా ఇదే. గీత కలిసింది కదా, ఇక భవిష్యత్తు తెలిసిపోయిందనుకున్నా. నా గ్రాఫ్‌లో లాక్‌డౌన్ ఎత్తేయడం లేదు, టెస్టులు పెరగడం లేదు, పెళ్లిళ్లు లేవు.

సరైన లెక్క వేసినా అది ఒక్కటే కాపాడదు. రాస్ లెక్కని 1950ల్లో జార్జ్ మెక్‌డొనాల్డ్ ముందుకి తీసుకెళ్లాడు. దోమ ఆయుష్షు తగ్గించడమే అన్నిటికంటే పెద్ద దెబ్బ అని తేల్చాడు. గోడల మీద డీడీటీ కొట్టడానికి అది బలమైన కారణం అయింది. మన దేశంలో 1953లో మలేరియా కార్యక్రమం మొదలై, 1960ల మధ్యకి కేసులు ఏడాదికి సుమారు లక్షకి పడిపోయాయి. తర్వాత దోమలు మందుకి అలవాటుపడ్డాయి, పని సడలింది. 1976లో 64 లక్షల కేసులు.

ఈ ఎపిసోడ్ స్క్రిప్ట్ పెదనాన్నకి చదివి వినిపించాను. దోమల లెక్క రెండుసార్లు చెప్పించుకున్నారు. కాసేపు ఆగి అడిగారు: "అయితే, ఆ రోజు 50 మంది బదులు 15 మందినే పిలిచుంటే?"

మోడల్‌ని అడగాల్సిన ప్రశ్న అదే ఫ్రెండ్స్. 2020లో నేను అడగలేదు. ఈసారి ఎవరైనా ఫలానా తేదీకి అంతా అయిపోతుందని గ్రాఫ్ ఫార్వర్డ్ చేస్తే, ముందు అడగండి: ఇందులో ఏమేం లెక్కలోకి తీసుకున్నావ్, ఏమేం వదిలేశావ్?