పుర్రె కంటే ముందే పిట్టగూళ్లు: నియా గుహ కథ

బోర్నియో దీవిలో, మలేసియా దేశపు సరవాక్ రాష్ట్రంలో, సుబిస్ అనే సున్నపురాయి కొండ ఉంది. నియా మహాగుహ ఆ కొండ కడుపులోనే ఉంది. పడమటి ద్వారం ఎత్తు దాదాపు 60 మీటర్లు, వెడల్పు సుమారు 250 మీటర్లు. లోపలికి నడిస్తే చీకట్లో కప్పు నుంచి సన్నని కర్రలు వేలాడుతూ కనిపిస్తాయి. అవి బెలియన్ చెట్టు కలప. చెదకూ తేమకూ ఒక పట్టాన లొంగదు కాబట్టి బోర్నియోలో ఇళ్ల స్తంభాలకూ పడవలకూ దాన్నే వాడతారు. ఆ కర్రలను ఒకదానికొకటి ముడివేసి, కప్పుకు బిగించి, వాటిని పట్టుకుని మనుషులు ఎగబాకుతారు. కింద వల ఉండదు. పైన ఉన్నది పిట్టగూడు.

ఈ గూడు కట్టేది స్విఫ్ట్‌లెట్ అనే చిన్న పిట్ట. మగపిట్ట తన లాలాజలాన్ని పోగుల్లా రాతికి అంటించి, ఎండనిచ్చి, మళ్లీ అంటిస్తూ దోసిలి ఆకారంలో గూడు తయారుచేస్తుంది. కన్ను కానని చీకట్లో నోటితో టకటకమని చప్పుడు చేస్తుంది. ఆ చప్పుడు రాతికి తగిలి తిరిగొచ్చే తీరును బట్టి దారి తెలుసుకుంటుంది. గబ్బిలం చేసే పనే ఇది, కాకపోతే పిట్ట చప్పుడు మన చెవికి వినిపిస్తుంది. సాయంత్రం పిట్టలు లోపలికి వస్తుంటే గబ్బిలాలు బయటికి పోతుంటాయి.

చీనా వంటలో ఈ గూటితో చేసే సూప్‌కు గొప్ప పేరు. నియాలో ఎక్కువగా దొరికేది నల్లగూడు, అంటే ఈకలు కలిసిపోయిన రకం. నీళ్లలో నానబెట్టి ఒక్కొక్క ఈకా ఏరితే తప్ప వంటకు పనికిరాదు, అందుకే తెల్లగూడు కంటే దీని ధర తక్కువ. తక్కువ అన్నది తెల్లగూటితో పోలిస్తేనే. ప్రాణాలకు తెగించి పైకెక్కడానికి సరిపోయేంత ధర ఎప్పుడూ ఉండేది. గుహకు వెళ్లే దారిలో మరో రాతిపంచ ఉంది. గూళ్ల వ్యాపారులు దాని కింద కొయ్యలతో కొట్లు వేసుకుని, అక్కడే ఉండి బేరాలు చేసేవారు. ఆ కొట్ల చట్రాలు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. వర్తకుల గుహ అన్న పేరు వాటివల్లనే వచ్చింది.

గుహలో ఏ మూల గూళ్లు ఎవరివన్నది పొలం గట్లంత కచ్చితంగా లెక్క ఉండేది. హక్కు తండ్రి నుంచి బిడ్డలకు వచ్చేది, చేతులు మారేది, తగాదాలూ తెచ్చేది. గూళ్లను ముందుగా కనిపెట్టింది పెనాన్ తెగవారని చెబుతారు. కింద నేల మీది రెట్టను తవ్వి గోతాల్లో మోసుకెళ్లి ఎరువుగా అమ్మేవాళ్లది మరో వర్గం. అంటే పండితులు ఈ గుహను ‘అన్వేషించడానికి’ వచ్చే నాటికే అందులో యజమానులూ కూలీలూ వర్తకులూ కాలిబాటలూ ఉన్నాయి.

పండితులు వచ్చింది మాత్రం వేరే ఆశతో. 1854 నుంచి 1856 వరకు సరవాక్‌లో తిరిగిన ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ ఇక్కడి ఒరాంగుటాన్‌లను దగ్గరగా చూశాడు. మనిషికీ వానరానికీ మధ్య తెగిన లంకె ఏదో ఈ దీవి గుహల్లో దొరకవచ్చనిపించి, వాటిని తవ్వి చూడాలని 1864లో రాశాడు. చివరికి లండన్ రాయల్ సొసైటీ వంటి సంస్థలు డబ్బు పెట్టాయి. ఎ. హార్ట్ ఎవెరెట్ 1878, 1879 సంవత్సరాల్లో సరవాక్ గుహలెన్నో గాలించాడు. దొరికిన మనిషి ఎముకలు అంత పాతవేమీ కావని నివేదిక ఇచ్చాడు. దాంతో బోర్నియో గుహల మీద లండన్‌కు ఆసక్తి పోయింది.

ఆ ఆశ తర్వాత మన రాయలసీమకు చేరింది. బేతంచెర్ల దగ్గరి బిళ్లసర్గం గుహల్లో శిలాజ ఎముకలున్నాయని న్యూబోల్డ్ అనే సైనికాధికారి 1844లోనే రాశాడు. నలభై ఏళ్లు ఎవరూ పట్టించుకోలేదు. డార్విన్ వాదానికి కొమ్ముకాసిన హక్స్‌లీ మద్రాసు గవర్నరు గ్రాంట్ డఫ్‌కు చెప్పాక గానీ పని కదల్లేదు. 1884లో భూగర్భ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆ వెంటనే ఆయన కొడుకు హెన్రీ అక్కడ తవ్వారు. జంతువుల ఎముకలు కుప్పలుగా దొరికాయి. తెగిన లంకె అక్కడా దొరకలేదు. నల్లగూళ్ల గుహకూ నాపరాళ్ల సీమకూ ఇలా ఒకే తరంలో ఒకే ప్రశ్నతో చుట్టరికం కలిసిందంటే వింతే.

నియాకు రెండోసారి దశ తిరిగింది టామ్ హారిసన్ వల్ల. రెండో ప్రపంచయుద్ధంలో, 1945లో, జపాన్ సైన్యం వెనుక కెలాబిట్ కొండల్లోకి పారాచ్యూట్‌తో దిగిన మనిషి ఆయన. 1947లో సరవాక్ మ్యూజియం బాధ్యత చేపట్టాడు. మొండివాడు, పురావస్తు శాస్త్రంలో పద్ధతిగా శిక్షణ పొందినవాడు కాదు. 1954లో చిన్నగా తవ్వి చూసి, 1957 నుంచి భార్య బార్బరాతో కలిసి పెద్ద ఎత్తున మొదలుపెట్టాడు. మధ్యాహ్నపు ఎండ నేరుగా పడే ఒక కందకానికి తవ్వేవాళ్లు ‘నరకం’ అని పేరు పెట్టుకున్నారు. 1958 ఫిబ్రవరిలో ఆ కందకం లోతున ఒక మనిషి పుర్రె బయటపడింది. దగ్గర్లో దొరికిన బొగ్గును రేడియోకార్బన్ పరీక్షకు పంపితే సుమారు 40,000 ఏళ్లని తేలింది.

చాలామంది నమ్మలేదు. ఆధునిక మానవుడి అవశేషం ఆగ్నేయాసియాలో అంత పాతదా? తర్వాతి కాలంలో ఎవరో గొయ్యి తీసి పూడ్చి ఉండవచ్చు కదా? హారిసన్ రాతలు అరకొరగా ఉండటం అనుమానాలను పెంచింది. ఈ విషయంలో ఆయన్ను వెనకేసుకురావడం కష్టం. అంత పెద్ద తవ్వకానికి పూర్తి నివేదిక రాకుండానే 1976లో కన్నుమూశాడు. 2000 నుంచి గ్రేమ్ బార్కర్ నాయకత్వంలో మరో బృందం పాత కందకాల గోడలను మళ్లీ చదివింది. హారిసన్ చెప్పిన వయసు ఉజ్జాయింపుగా నిజమేననీ, మనుషులు ఈ గుహకు దాదాపు 50,000 ఏళ్ల నాడే వచ్చారనీ తేల్చింది. మట్టిలో అడవిపందుల ఎముకలతో పాటు విషపు దుంపల, గింజల ఆనవాళ్లు దొరికాయి. కోసి, నానబెట్టి, విషం విరిచి తినాల్సిన తిండి అది. తూర్పు కనుమల మన్యంలో అడవిదుంపలను ఏటినీళ్లలో నానేసే గిరిజనులకు చెబితే ఇందులో ఆశ్చర్యం ఏముందంటారేమో.

పుర్రె కథ అక్కడితో ముగియలేదు. 1960లో పరీక్షించినవారు అది ఒక కుర్రవాడిదనీ, పోలికలు టాస్మానియా ఆదివాసులవనీ అన్నారు. 2016లో డారెన్ కర్నో బృందం మళ్లీ కొలిచి, అది బహుశా నడివయసు స్త్రీదనీ, పోలికలు నేటి బోర్నియో ప్రజలవేననీ చెప్పింది. దీవికి ముందొచ్చిన జనం ఎటో పోయారని, ఇప్పటివాళ్లు తర్వాత వచ్చినవాళ్లని అర్ధ శతాబ్దం పైగా చెప్పుకున్న లెక్క దాంతో బలహీనపడింది.

అదే కొండలో మరో గుహ గోడ మీద ఎర్రరంగుతో పడవల బొమ్మలున్నాయి. కింద పడవ ఆకారంలో చెక్కిన శవపేటికలు, చీనా పింగాణీ ముక్కలు దొరికాయి. గూళ్ల గిరాకీ కూడా చీనా నుంచే కాబట్టి, ఆ పింగాణీని చూసిన చరిత్రకారులకు గూళ్ల వర్తకం ఎంత పాతదన్న ఆలోచన రాక మానదు.

1974లో నియా జాతీయ ఉద్యానమైంది. కర్రలు తీసేయలేదు, అనుమతి ఉన్నవాళ్లు గూళ్లు కోస్తూనే ఉన్నారు, అడపాదడపా దొంగకోతలూ సాగాయి, పిట్టలు తగ్గాయి. ఈలోగా వ్యాపారమే పట్టణాలకు మారింది. మలేసియా, ఇండోనేసియా ఊళ్లలో కిటికీలు లేని ఎత్తయిన సిమెంటు భవనాలు కట్టి, స్పీకర్లలో పిట్టల కూతలు వినిపించి, తెల్లగూడు కట్టే జాతిని పిలుస్తున్నారు. అండమాన్‌లో మరో దారి తొక్కారు. పక్షి శాస్త్రజ్ఞుడు రవి శంకరన్ చొరవతో, గూళ్లు దొంగిలించేవాళ్లకే ఉత్తర అండమాన్ గుహల కాపలా అప్పగించారు. పిల్లలు ఎగిరిపోయాకే గూడు కోయాలన్నది అక్కడి నియమం.

2024 జూలైలో ప్రపంచ వారసత్వ సంఘం న్యూఢిల్లీలో సమావేశమై నియా గుహలను తన జాబితాలో చేర్చింది. మానవుడు వానల అడవిలో బతకడం నేర్చిన సుదీర్ఘ చరిత్రే అందుకు కారణం. సుబిస్ కొండ చుట్టుపక్కల కుటుంబాలకు మాత్రం గూళ్ల కోత ఇంకా బతుకుదెరువే.