ఇంగ్లీషు వాడుకలో 'సూరత్'

ఊళ్ల పేర్లు సరుకుల పేర్లుగా మారడం వర్తక చరిత్రలో పరిపాటి. నరసాపురం చెంతనున్న మాధవాయపాలెం ఇంగ్లీషువారి నోట 'మడపొల్లం'గా మారి, తెల్లని నూలువస్త్రానికి పేరైనది. తపతీ తీరాన వెలసిన సూరత్ నగరం పేరుకు పట్టిన గతి వేరు. 1860 దశకంలో ఇంగ్లండులోని లంకాషైర్ ప్రజల వాడుకభాషలో 'సూరత్' అంటే నాసిరకమని, కల్తీ సరుకని అర్థం.

1608లో ఈస్టిండియా కంపెనీ నౌక 'హెక్టర్' సూరత్ తీరాన లంగరు వేసింది. కాలక్రమేణా ఆ రేవు ప్రాభవం బొంబాయికి తరలిపోయినా, పశ్చిమ భారతం నుండి ఎగుమతి అయ్యే ముడిపత్తికి ఇంగ్లండు విపణిలో 'సూరత్' అనే పేరే నిలిచింది.

1861లో అమెరికాలో అంతర్యుద్ధం చెలరేగింది. ఉత్తరాది నౌకాదళం దక్షిణాది రేవులను దిగ్బంధించడంతో లంకాషైర్ నూలుమిల్లులకు పత్తి కరవైంది. మూతబడిన మిల్లులు తిరిగి తెరవడానికి సూరత్ పత్తి శరణ్యమైంది. కాని అక్కడి యంత్రాలు పొడుగు పింజగల అమెరికా పత్తికి అమర్చినవి. పొట్టి పింజగల సూరత్ పత్తితో తీసిన నూలు మగ్గంపై పదేపదే తెగిపోయేది. నేసిన గుడ్డను బట్టి కూలి ముట్టే కార్మికునికి తెగిన ప్రతి పోగూ నష్టమే. వర్తకుల చేతుల్లో పత్తిలో కలిసిన మట్టీ చెత్తా ఈ బాధను ఇనుమడింపజేశాయి.

పత్తిని ప్రసాదించమని ప్రార్థనామందిరంలో దేవుని వేడుకొనగా, ఒక శ్రామికుడు 'సూరత్ మాత్రం వద్దు' అని జోడించాడన్న ముచ్చట ప్రచారంలోకి వచ్చింది. సామ్యుయెల్ లేకాక్ అనే కవి సూరత్ పత్తి నేసేవారి కష్టాలపై ఆ ప్రాంతపు మాండలికంలో పాట రచించాడు. క్రమంగా ఆ మాట పత్తిని దాటి ఇతర వస్తువులకూ పాకింది. తమను 'సూరత్' బాపతు వారని ఎద్దేవా చేస్తూ ప్రకటన వెలువరించారని బీరు తయారీదారులు వేసిన పరువునష్టం దావా 1863లో న్యాయస్థానానికి వచ్చింది.

1865లో యుద్ధం ముగిసి, అమెరికా పత్తి తిరిగి రావడంతో ఈ వాడుక క్రమేణా మాసిపోయింది. పొట్టి పింజ ఆ పత్తి సహజగుణమే కాని దోషం కాదు. అటువంటి పత్తినే చేతితో వడికి నేసిన గుజరాత్ వస్త్రాలను ఐరోపా శతాబ్దాలపాటు కోరి కొనుక్కున్నది. యంత్రానికీ పత్తికీ పొసగని దోషాన్ని, నడుమ వర్తకుల కల్తీని కలిపి ఒక నగరం పేరుపై మోపిన మాట ఇది. ఆ సూరత్ నేడు దేశంలోని ప్రముఖ వస్త్రోత్పత్తి కేంద్రాలలో ఒకటి. తెలంగాణ నుండి వలస వెళ్లిన పద్మశాలి కుటుంబాలెన్నో అక్కడి మరమగ్గాలపై జీవనం సాగిస్తున్నాయి.