తెర మీది యాత్ర – తెరకందని చరిత్ర

బాసర అనగానే అందరికీ స్ఫురించేది అక్షరాభ్యాసం. చదువుల తల్లి కొలువున్న ఈ సీమలోనే, పూర్వపు ఆదిలాబాదు జిల్లా అడవులలో, తన మాటలో చదువుకొనే హక్కు బిడ్డకు ఎంత ఆలస్యంగా దక్కిందో మన పాఠాలు చెప్పవు.

నేడు కంప్యూటరు తెరపై విద్యార్థులను ఎక్కడికైనా తీసుకొని పోవచ్చు. అమెరికాలోని సెల్మా వంతెనను తరగతి గదిలోనే చూపవచ్చు. 1965 మార్చి 7న, ఓటు హక్కు కోసం నడిచిన నల్లజాతివారిని పోలీసులు చావబాదినది అక్కడే. చూపవలసిందే. కాని ఆ యాత్ర మన జిల్లా నుండి మొదలు కావాలని నా మనవి.

మొదటి మజిలీ జోడేఘాట్. అడవిపై, భూమిపై గోండుల హక్కు కోసం పోరాడిన కొమురం భీము 1940లో నిజాం పోలీసుల తూటాలకు నేలకొరిగిన చోటు. రెండవది మార్లవాయి. ఆ తిరుగుబాటు పిమ్మట గోండుల స్థితిగతులను పరిశీలించిన హైమన్‌డార్ఫ్ నివసించిన గ్రామమిది. 1943లో ఇక్కడ గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలైంది. గోండీ వాచకాలు నాగరి లిపిలో వెలువడ్డాయి. బడి రావడానికి ముందు నెత్తురు చిందవలసి వచ్చిందన్నమాట.

మూడవది ఇంద్రవెల్లి. 1981 ఏప్రిల్ 20న, భూమి గోడు చెప్పుకొనడానికి సభకు వచ్చిన గోండులపై పోలీసులు కాల్పులు జరిపారు. ప్రభుత్వ లెక్కలో మృతులు 13 మంది. అంతకు ఎన్నో రెట్లని హక్కుల సంఘాల మాట. నాలుగవది గుంజాల. అక్కడి ఇండ్లలో దొరికిన పాత వ్రాతప్రతుల వలన గోండులకు సొంత లిపి ఉన్నదని లోకానికి తెలిసింది. 2018లో ఆ లిపి యూనికోడులో చేరింది.

అయితే తెర మీద కనిపించేవి పచ్చని గుట్టలు, ఎర్రని స్తూపం, నాలుగు పెంకుటిండ్లు మాత్రమే. అక్కడ ఎవరు నిలిచారు, ఏమి అడిగారు, ఎందుకు పడిపోయారు అన్నది బొమ్మ చెప్పదు. అది గురువు నోట రావాలి. లేనిచో హక్కుల చరిత్ర విహారయాత్రగా మిగిలిపోతుంది.

మన తరగతులలో గోండు, కోలాము, లంబాడా, మరాఠీ పిల్లలు తెలుగు పిల్లల సరసనే కూర్చుంటారు. యాత్ర ముగిశాక “మీ ఇంట నీటిని ఏమంటారు?” అని అడిగి చూడండి. గోండు బిడ్డ “ఏర్” అంటాడు. వినగానే మన “ఏరు” తలపుకు వస్తుంది. ఆ మాట తరగతిలో గట్టిగా, జంకు లేకుండా పలికిననాడు, భీము అడిగిన గౌరవంలో కొంతైనా చెల్లించినవారమవుతాము.