గదిలో మూలన దాగిన మోత



వై.ఎన్.హొసకోట పట్టుచీరల ఊరు. మగ్గం చప్పుడు వీధిలోంచి వింటే ఒకలా ఉంటుంది, మగ్గమున్న గదిలో కూర్చుని వింటే మరోలా ఉంటుంది. బయటికి టకటకమని తేలిగ్గా వినిపించేదే లోపల గుండెమీద గుద్దినట్టుంటుంది. మగ్గం అదే, చెయ్యీ అదే. తేడా అంతా గదిది.

ఈ మాట ఇప్పుడెందుకంటారా? ఒక ఫోను, ఒక మైకు ఉంటే చాలు, ఇవాళ ఇంట్లో గదే రికార్డింగు స్టూడియో. కన్నడ జిల్లాలో ఉండి తెలుగులో పాడుకునే మన అవ్వల మంగళహారతులు, చెక్కభజనలు, ఉరుముల మోత మనమే పట్టి ఉంచుకోవాలి. పాడే మనిషి మళ్లీ దొరకొచ్చు, దొరకకపోవచ్చు. తీరా రికార్డు చేసి వింటే గొంతు కుండలోంచి వచ్చినట్టు ఉంటుంది. ఆ మోత ఎక్కడిది?

పదడుగుల గదిని తీసుకోండి. ధ్వని సెకనుకు సుమారు 344 మీటర్లు పోతుంది. సెకనుకు 56 కంపనలున్న మంద్ర స్వరం తరంగం పొడవు దాదాపు ఇరవై అడుగులు. అందులో సగం సరిగ్గా మన గది కొలత. ఆ స్వరం రెండు గోడల మధ్య ఇరుక్కుపోతుంది. గోడ దగ్గర ఉబ్బుతుంది, నడిమధ్యలో మాయమవుతుంది. దాని రెట్టింపు స్వరమూ అలాగే ఇరుక్కుంటుంది కానీ, అది నడిమధ్యలో కూడా ఉబ్బుతుంది. పొడవూ వెడల్పూ ఒకటే అయితే రెండు వైపుల మోతా ఒకే స్వరం మీద పడుతుంది. అందుకే చదరపు గది మరీ మొండిది. ఈ లెక్కను ఇంగ్లండుకు చెందిన రేలీ 1877-78లో వచ్చిన తన ధ్వనిశాస్త్ర గ్రంథంలోనే వివరించాడు.

మరి విరుగుడు? 1895లో అమెరికాలోని హార్వర్డులో కొత్తగా కట్టిన ఉపన్యాసశాలలో మాట అర్థమయ్యేది కాదు. ఒక్క మాట ఐదున్నర సెకన్లు మోగేది. సేబిన్ అనే యువ అధ్యాపకుడు రాత్రుళ్లు, ఊరు సద్దుమణిగాక, పక్క నాటకశాలలోని మెత్తలు మోయించి తెచ్చి పరిచి, మోత ఆగేదాకా గడియారంతో కొలిచాడు. మెత్తలు పెరిగేకొద్దీ మోత తగ్గింది. గదుల ధ్వనిశాస్త్రం అక్కడే నిలదొక్కుకుంది. అయితే ఒక మెలిక ఉంది. ఆయన ఊదించిన గొట్టం స్వరం సెకనుకు 512 కంపనలది. మంద్ర స్వరాల దగ్గర పలచని మెత్త అంతగా పనిచేయదు. గోడలకు కోడిగుడ్ల అట్టలు, కర్టెన్లు కట్టినా అంతే. కీచుదనం పోతుంది, గుమ్మనేది మిగిలిపోతుంది. అప్పుడు గొంతు ఇంకా మూగబోయినట్టు వినిపిస్తుంది.

మంద్రాన్ని పట్టాలంటే మందం కావాలి, అదీ మూలల్లో కావాలి. గోడలు కలిసేచోటే దాని ఒత్తిడి ఎక్కువ. దూది పరుపులు గట్టిగా చుట్టి, రెండు మూలల్లో కిందినుంచి పైదాకా నిలబెట్టండి. గోడకూ పరుపుకూ మధ్య జానెడు ఖాళీ ఉంటే ఇంకా మేలు. దీపాలకు, వైర్లకు మాత్రం దూరంగా ఉంచండి. ఇలా చేస్తే అన్నిటికంటే లోతైన స్వరం పూర్తిగా లొంగదు కానీ, మగగొంతు, డోలు ఉండే మేర చాలావరకు తేటపడుతుంది.

కుండల సంగతీ చెప్పాలి. రెండు వేల ఏళ్ల కిందట రోమను శిల్పి విట్రూవియస్ నాటకశాలల్లో గొంతుకు బలమివ్వడానికి కంచుపాత్రలు పెట్టమన్నాడు. సొమ్ము లేని చిన్న ఊళ్లలో మట్టికుండలే వాడారని కూడా రాశాడు! ఖాళీ కుండ మూతిమీద ఊదితే ఒక్క స్వరమే పలుకుతుంది కదా. ఆ గుట్టును జర్మనీ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ 1863 నాటి గ్రంథంలో విప్పాడు. ఈ సూత్రంతోనే తరువాత స్టూడియోల్లో మోతను మింగే పెట్టెలు చేశారు. కాకపోతే ఒక్కో పెట్టె తన స్వరాన్ని మాత్రమే మింగుతుంది.

అవ్వను కూర్చోబెట్టేముందు ఒక పని చేయండి. గదిలో నిలబడి పైనుంచి కిందికి నెమ్మదిగా 'ఆ' అంటూ గొంతు దించండి. ఎక్కడ గది హఠాత్తుగా మీతో గొంతు కలుపుతుందో అదే దాని స్వరం. మూలా కాదు, నడిమధ్యా కాదు, ఒక గోడకు మూడోవంతు దూరంలో మైకు పెట్టి మళ్లీ వినండి. గది నోరు కాస్త మూస్తే, అవ్వ నోరు మీ మనవళ్లకూ వినబడుతుంది.

సెలవు.