తొండి లేని ఆట

ఆట అన్నాక తొండి ఉంటుంది. ఇది నేను కొత్తగా కనిపెట్టిన సత్యమేమీ కాదు. వీధిలో గోలీలాడిన ప్రతివాడూ పదేళ్ళు నిండకముందే నేర్చుకున్నదే. మా వైపు బిళ్ళంగోడు అనీ, తెలంగాణాలో చిర్రాగోనె అనీ పిలిచే ఆటలో, బిళ్ళ ఎంత దూరం పడిందో కర్రతో కొలిచేటప్పుడు చూడాలి తమాషా! ఆ కొలతలో లెక్క తప్పనివాడు ఊరికొకడుంటే గొప్ప. అయితే ఒక్క మాట. పదిమంది పిల్లలూ చుట్టూ చేరి "తొండి! తొండి!" అని అరిచారంటే ఇక దానికి తిరుగు లేదు. హైకోర్టు తీర్పుకైనా పైన అప్పీలుంది గాని, ఆ తీర్పుకి లేదు.

అమెరికా హైస్కూళ్ళలో ఆడపిల్లలు ఆడే సాఫ్ట్‌బాల్ గురించి రాయబోతూ ఈ తొండి పురాణం ఎందుకండీ అంటారేమో. ఆ ఆట కథలు చదువుతున్నకొద్దీ నాకు మళ్ళీ మళ్ళీ గుర్తుకొచ్చిన మాట ఇదే. అక్కడ కూడా చిక్కంతా కొలతల దగ్గరా, గీతల దగ్గరా, అంపైరు నోటి దగ్గరా వచ్చింది. కాకపోతే ఆ చిక్కులోంచి కొందరు పిల్లలు బయటపడిన తీరు వేరు.

ముందు ఆ ఆట పుట్టుక చెప్పుకుందాం. అదే ఒక పెద్ద అల్లరి. 1887 నవంబరులో, థాంక్స్‌గివింగ్ పండుగనాడు, చికాగోలో ఫారగట్ బోట్ క్లబ్బు అనే చోట కొందరు కుర్రాళ్ళు చేరారు. ఎక్కడో జరుగుతున్న యేల్, హార్వర్డ్ ఫుట్‌బాల్ ఆట ఫలితం తెలుసుకోవాలని వాళ్ళ ఆరాటం. యేల్ గెలిచిందన్న వార్త వచ్చేసరికి ఒకడు ఆనందం పట్టలేక చేతికందిన బాక్సింగ్ గ్లవ్‌ను అవతలివాడి మీదికి విసిరాడు. అవతలివాడు కర్రతో దాన్ని ఫెడీమని తిరగ్గొట్టాడు. ఇంకొకరైతే "ఊరుకోండర్రా" అని కసిరేవారు. అక్కడే ఉన్న జార్జి హాంకాక్ అనే పెద్దమనిషి మాత్రం ఆ గ్లవ్‌ను బంతిలా చుట్టి కట్టి, నేలమీద సుద్దతో గీతలు గీసి, ఇక ఆడండన్నాడు. అలా నాలుగు గోడల మధ్య బేస్‌బాల్ మొదలైంది. 1895లో మినియాపొలిస్‌లో లూయీ రోబర్ అనే ఫైర్‌మన్, మంటలు లేని వేళల్లో తన తోటివాళ్ళు ఒళ్ళు కదుపుతూ ఉండాలని దాన్ని ఆరుబయట ఆడించాడు. అక్కడ దాని పేరు కిట్టెన్‌బాల్, అంటే పిల్లికూన బంతి! ఊరికొక పేరుతో ఊరేగిన ఆ ఆటకి 1926లో వాల్టర్ హాకన్‌సన్ అనే ఆయన సాఫ్ట్‌బాల్ అన్నాడు. 1933లో చికాగో ప్రపంచ ప్రదర్శనలో పెద్ద పోటీలు జరిగాయి. దాంతో ఆ పేరే స్థిరపడింది.

పేరులో 'సాఫ్ట్' ఉంది కదా, మెత్తగా ఉంటుందేమో అనుకునేరు. మన వెర్రిపుల్లయ్యగారు పేరుకే వెర్రి అన్నట్టు, ఈ బంతి పేరుకే మెత్తన. చుట్టుకొలత 12 అంగుళాలు. హైస్కూలు ఆడపిల్లల ఆటలో బంతి వేసే అమ్మాయి, అంటే పిచర్, 43 అడుగుల దూరాన నిలబడుతుంది. చెయ్యి గిర్రున తిప్పి, తుంటి పక్కనుంచి, కిందినుంచి వదులుతుంది. గట్టి పిచర్ వేసిన బంతి అర సెకను లోపలే మీదికొచ్చేస్తుంది. రెప్పవేస్తే ఆట పోయినట్టే.

ఇక్కడ క్రికెట్ అభిమానులకి ఒక సంగతి గుర్తు రావాలి. 1981 ఫిబ్రవరిలో మెల్‌బోర్న్‌లో ఆఖరి బంతికి న్యూజీలాండుకి ఆరు పరుగులు కావలసి వస్తే, ఆస్ట్రేలియా కెప్టెన్ గ్రెగ్ చాపెల్ తన తమ్ముడు ట్రెవర్ చేత బంతిని నేలమీద దొర్లించాడు. అప్పటి నియమాల ప్రకారం అది తప్పు కాదు. అయినా లోకం వాళ్ళని ఈనాటికీ క్షమించలేదు. క్రికెట్‌లో కిందినుంచి వెయ్యడం పరువు తక్కువ, సాఫ్ట్‌బాల్‌లో అదే చట్టం! కనుక మర్యాద అనేది చెయ్యి పైకెత్తడంలోనో కిందికి దించడంలోనో లేదని తేలిపోయింది. మరి ఎక్కడుంది?

దానికి జవాబు వెతికేముందు, అసలు ఆడపిల్లలు ఆ మైదానంలోకి ఎలా వచ్చారో చెప్పాలి. 1972లో అమెరికాలో టైటిల్ నైన్ అనే చట్టం వచ్చింది. ప్రభుత్వ ధనం పుచ్చుకునే విద్యాసంస్థలో ఆడ, మగ తేడా చూపరాదని దాని సారాంశం. దానికి ముందు, 1971-72లో, ఆ దేశపు హైస్కూళ్ళలో ఆటలాడే మగపిల్లలు 36 లక్షల పైచిలుకు. ఆడపిల్లలు? మూడు లక్షలైనా లేరు. ఈ శతాబ్దంలో ఆడపిల్లల లెక్క ముప్ఫై లక్షలు దాటిపోయింది. అందులో సాఫ్ట్‌బాల్ ఆడేవాళ్ళే మూడు లక్షలకు పైన.

ఆ పాతరోజుల్లో డాట్ రిచర్డ్‌సన్ అనే పదేళ్ళ పిల్ల చేతివాటం చూసి, మగపిల్లల జట్టు కోచ్ ఒకాయన ముచ్చటపడ్డాడట. జుట్టు కత్తిరించుకో, నిన్ను బాబ్ అని పిలుస్తాం, మా జట్టులో ఆడుదువుగాని అన్నాడు. ఆ పిల్ల ఒప్పుకోలేదు. దొంగపేరుతో దొరికే ఆట నాకొద్దని పదేళ్ళ వయసులో అనగలగడం మాటలు కాదు. ఆమే తరవాత ఎముకల డాక్టరయింది. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో చైనాతో జరిగిన ఫైనల్లో హోం రన్ కొట్టి దేశానికి బంగారు పతకం తెచ్చిపెట్టింది.

ఇక హైస్కూలు మైదానంలో క్రమశిక్షణ సంగతి. ఆటకు ముందు అంపైరు ఇద్దరు కోచ్‌లనీ పిలిచి నిలబెడతాడు. మీ పిల్లలందరూ నియమం ప్రకారం హెల్మెట్లూ అవీ పెట్టుకున్నారా అని అడుగుతాడు. అందరూ మర్యాదగా ఆడాలని చెబుతాడు. మనకి పెళ్ళిలో ప్రమాణాల్లాగ, ఇది ఆటకు ముందరి ప్రమాణం. కోపంతో బ్యాటు విసిరికొడితే బయటికి పంపేస్తారు. ఐదు ఇన్నింగ్సు అయ్యాక ఒక జట్టు పది పరుగులు ముందుంటే ఆట అక్కడితో సరి. ఓడినవాళ్ళని ఇంకా ఓడించడం అనవసరమని దాని భావం. చివర రెండు జట్లూ వరసగా నడుస్తూ, ఎదురైన ప్రతివారి చేతికీ చెయ్యి తగిలించి, బాగా ఆడారని చెప్పుకోవాలి. ఆ మాట గుండెలోంచి వచ్చిందా, పెదవి మీంచి వచ్చిందా అని ఎవరూ అడగరు. నమస్కారం కూడా అంతే కదండీ! రోజూ పెట్టగా పెట్టగా ఏదో ఒకనాడు నిజంగానే పెడతాం.

క్రమశిక్షణ ఎంత కఠినమైనదో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. అదే అట్లాంటా ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియా మీద అమెరికా అమ్మాయి డానీ టైలర్ హోం రన్ కొట్టింది. బంతి కంచె దాటిపోయింది. అంటే ఇక పరుగెత్తనక్కర్లేదు, నాలుగు మెట్లూ తాపీగా తొక్కి వస్తే చాలు. మూడూ తొక్కింది. నాలుగోదాని దగ్గర చెలులందరూ చేతులు చాచి నిలబడ్డారు. ఆ సంబరంలో ఆమె కాలు హోం ప్లేటును తాకలేదు. ఆస్ట్రేలియా వాళ్ళు అడిగారు, అంపైరు అవుటన్నాడు. ఆ ఒక్క పరుగూ పోయింది. ఆట పదో ఇన్నింగ్సు దాకా సాగి, 2-1తో అమెరికా ఓడిపోయింది. ఆస్ట్రేలియా వాళ్ళది తొండి అందామా? అనలేం. గీత గీతే. తొక్కాలి, తొక్కలేదు.

అయితే అదే గీత దగ్గర, పన్నెండేళ్ళ తరవాత, మరో కథ నడిచింది. హైస్కూలు దాటి కాలేజీలో చేరిన పిల్లలది. 2008 ఏప్రిల్ 26. వాషింగ్టన్ రాష్ట్రంలో ఎలెన్స్‌బర్గ్ అనే ఊరు. సెంట్రల్ వాషింగ్టన్ జట్టుకీ, వెస్టర్న్ ఆరెగన్ జట్టుకీ పోటీ. ఆరెగన్ అమ్మాయి సారా టుకోల్‌స్కీ పొట్టిపిల్ల, ఆ సంవత్సరం పెద్దగా కొట్టిందీ లేదు. ఆ రోజు రెండు బేసుల మీద తనవాళ్ళుండగా బంతిని కంచె దాటించింది. ఆమె జీవితంలో అదే మొదటి హోం రన్. బంతి వంక చూస్తూ పరుగెత్తి మొదటి బేసు తొక్కడం మరిచిపోయింది. గుర్తొచ్చి గిరుక్కున వెనక్కి తిరిగేసరికి మోకాలు మెలిపడి లోపలి నరం తెగింది. పాక్కుంటూ వచ్చి మొదటి బేసును కౌగిలించుకుంది.

తన జట్టువాళ్ళు పట్టుకుంటే అవుట్. వేరే అమ్మాయిని పంపితే హోం రన్ పోయి, ఒక్క బేసు దెబ్బ కిందే జమ. అంపైర్లు అలా చెప్పారు. కోచ్ తల పట్టుకుంది. అప్పుడు అవతలి జట్టు అమ్మాయి మాలరీ హోల్ట్‌మన్ ముందుకొచ్చి, మేము ఎత్తుకు తీసుకెళ్ళవచ్చా అని అడిగింది. ఈమె ఎవరనుకున్నారు? తన కాలేజీలో అందరికన్నా ఎక్కువ హోం రన్‌లు కొట్టిన మనిషి! హోం రన్ విలువ ఆమెకి తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది? దానికి అడ్డుచెప్పే నియమం లేదన్నారు అంపైర్లు. మాలరీ, లిజ్ వాలస్ అనే ఇంకో అమ్మాయి కలిసి సారాను చేతుల మీద ఎత్తుకుని, ఒక్కొక్క బేసు దగ్గరా వంగి, ఆమె ఎడమకాలిని దానికి తాకిస్తూ మైదానం చుట్టి వచ్చారు. సగం దారిలో చూసేవాళ్ళకి మనం ఎలా కనిపిస్తున్నామో అని ముగ్గురికీ నవ్వొచ్చిందట. ఆ ఆట 4-2తో ఆరెగన్ గెలిచింది. ఎత్తుకున్నవాళ్ళు ఓడిపోయారు. కంచె దాటించింది కనుక అది ఆమెకు దక్కవలసిందే అన్నట్టు మాట్లాడి ఊరుకుంది మాలరీ.

ఇందులో నాకు నచ్చిన విషయం, వాళ్ళు నియమాన్ని పక్కకు నెట్టలేదు. ఏడుస్తోంది పాపం, పోనిద్దురూ, పరుగు ఇచ్చెయ్యండి అనలేదు. ప్రతి బేసూ తాకించారు. పుల్లంత తొండి లేదు. తరవాత తేలిన తమాషా ఏమిటంటే, అంపైర్లు చెప్పిందే తప్పు. ఆ కాలేజీ ఆటల నియమాల ప్రకారం దెబ్బతగిలిన అమ్మాయి బదులు వేరొకరు ఆ హోం రన్ పూర్తి చేయవచ్చునట!

2010లో ఇండియానాపొలిస్‌లో జరిగింది అచ్చంగా హైస్కూలు కథే. రాంకాలీ అనే స్కూలు చిన్నతరగతుల జట్టు రెండున్నరేళ్ళుగా ఓటమి ఎరగదు. ఎదురుగా మార్షల్ అనే స్కూలు జట్టు. ఆ పిల్లలు పోటీలో అడుగుపెట్టడం అదే మొదలు. హెల్మెట్లు లేవు, సరైన బూట్లు లేవు, మొదటి బేసు ఎటువైపో తెలియదు, బంతి సూటిగా వెయ్యడం రాదు. ఒకటిన్నర ఇన్నింగ్సు గడిచేసరికి ఆట సంగతి అందరికీ తెలిసిపోయింది. ఐదో ఇన్నింగ్సు దాకా ఓపికపట్టి పది పరుగుల నియమం చేతిలో పెట్టేస్తే సరిపోయేది. కాని ఆ మార్షల్ పిల్లలు ఎంత తేడాతో ఓడినా సరే ఆడతామని పట్టుబట్టారు. అప్పుడు రాంకాలీ వాళ్ళు ఒక పని చేశారు. ఆట మేమే వదులుకుంటున్నాం, గెలుపు మీదే అన్నారు. అని ఊరుకోలేదు. ఆ పిల్లల పక్కన నిలబడి బ్యాటు ఎలా పట్టాలో, కాళ్ళు ఎక్కడ పెట్టాలో, బంతి ఎలా విసరాలో నేర్పారు. కాసేపటికి ఆ పిల్లలు బంతిని కొట్టడం మొదలెట్టారు. తరవాత వాళ్ళకి కావలసిన సామాను కోసం రాంకాలీ వాళ్ళే చందాలు పోగుచేశారు.

ఉచితంగా ఇచ్చిన గెలుపు గెలుపేనా అని మీరడగవచ్చు. నేనూ అడుక్కున్నాను. నా మటుకు తోచిందేమంటే, ఆ రోజు వాళ్ళిచ్చింది గెలుపు కాదు, ఆట. గెలుపు కాగితం మీద ఉండిపోయింది.

ఇలాంటివి పరాయి దేశంలోనే జరుగుతాయనుకుంటే మన విశ్వనాథ్‌కి అన్యాయం చేసినవాళ్ళమవుతాం. 1980 ఫిబ్రవరిలో బొంబాయి జూబిలీ టెస్టులో అంపైరు అవుటిచ్చిన ఇంగ్లండు ఆటగాడు బాబ్ టేలర్‌ను, నువ్వు అవుట్ కాదు, రావయ్యా అని వెనక్కి పిలిచాడు ఆయన. ఆ టేలర్, బోథమ్‌తో కలిసి 171 పరుగులు జోడించాడు. మనం పది వికెట్ల తేడాతో ఓడాం. ఓడిన టెస్టులు మనకి కొల్లలు, గర్వంగా చెప్పుకునే ఓటమి ఇదొకటి.

సాఫ్ట్‌బాల్ మన స్కూళ్ళకీ కొత్తకాదు. జాతీయ పాఠశాల క్రీడల్లో అదీ ఒకటి. మన పల్లెటూరి ఆడపిల్లలు కూడా చెయ్యి గిర్రున తిప్పి బంతి వేస్తున్నారు. వాళ్ళకి కొట్టడం, పట్టడం కోచ్‌లు నేర్పుతారు. ఓడిన రోజున వరసలో నిలబడి చెయ్యి కలపడం కూడా నేర్పుతారు. నా భయమల్లా గట్టుమీద కూర్చుని, "ఆ అంపైరుకి కళ్ళు లేవా!" అని కేకలేసే తల్లిదండ్రుల గురించే. వాళ్ళకి నేర్పే కోచ్ ఇంకా దొరకలేదు. మైదానంలో ఉన్న పిల్లలే ఎప్పటికైనా నేర్పాలి.