ముఖము చూచి పెట్టని ముద్ద



‘ముఖము చూచి బొట్టు పెట్టుట’ అని తెలుగులో ఒక జాతీయం ఉన్నది. పేరంటానికి వచ్చిన ముత్తైదువలలో నగలు ఉన్నవారికి ఆదరంగాను, లేనివారికి అంటీ అంటనట్లుగాను బొట్టు పెట్టే ఇల్లాలిని చూచి పుట్టిన పలుకుబడి ఇది. ‘పక్షపాతం’ అనే సంస్కృత పదం ఎంత గంభీరమైనదైనా, ఈ తెలుగు మాటలో ఉన్న సూటిదనం దానికి లేదు. తప్పు ఎక్కడ జరుగుతున్నదో ఈ మాట వేలు పెట్టి చూపుతుంది. మనసు పలుకక ముందే కన్ను తీర్పు చెప్పివేస్తున్నది.

ఇక ‘అతిథి’ శబ్దం. తిథి నియమం లేకుండా వచ్చేవాడు అతిథి అని మన పెద్దలు వ్యుత్పత్తి చెప్పినారు. పిలువగా వచ్చిన చుట్టం ఈ అర్థంలో అతిథి కాడు. ఏ పూట వస్తాడో, ఎవరో, ఏ ఊరివాడో ముందుగా తెలియనివాడే అతిథి. అంటే అపరిచయం ఆ మాటలోనే ఇమిడి ఉన్నది. ఈ అర్థాన్ని తరగతి గదిలో ఎన్నో ఏండ్లు చెప్పినవాడను. చెప్పిన ప్రతిసారీ ఉదాహరణగా నాకు తోచిన పేరు ఒక్కటే: డొక్కా సీతమ్మగారు. ఈ టపాలో ఆమెను గురించి నాలుగు మాటలు వ్రాయాలని సంకల్పం.

సీతమ్మగారు 1841లో మండపేటలో జన్మించినారు. తండ్రి అనుపిండి భవానీశంకరంగారు, తల్లి నరసమ్మగారు. వచ్చినవారికల్లా అన్నం పెట్టేవాడు కాబట్టి భవానీశంకరంగారిని ఊరివారు ‘బువ్వన్న’ అని పిలిచేవారట. బిరుదులు ఇచ్చేవారు పండితులూ ప్రభువులూ అని మనం అనుకొంటాము గాని, ఆకలి తీరినవాడు ఇచ్చిన ఈ బిరుదుకు సాటి వచ్చేది నాకు కనబడదు.

ఆమె పుట్టిన కాలం ఎటువంటిదో తెలిస్తేగాని ఆమె చేసిన పని బరువు తెలియదు. 1833 నాటి కరువు, 1839లో కోరంగిని ముంచిన ఉప్పెన గోదావరి ప్రాంతాన్ని కుదిపివేసినవి. 1821లో సుమారు 7 లక్షల 38 వేలుగా ఉన్న ఆ జిల్లా జనాభా 1841 నాటికి సుమారు 5 లక్షల 61 వేలకు దిగజారినది. చనిపోయినవారు కొందరు, ఊళ్ళు విడిచి వెళ్ళినవారు కొందరు. ప్రక్కనే అంత పెద్ద నది పారుతూ ఉండగా కడుపు నిండని సీమ అది. 1847లో ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలై 1852 నాటికి ముగిసినది. వైనతేయ పాయ మీదుగా గన్నవరం వద్ద అక్విడక్టు కట్టి కాలువ నీటిని కోనసీమ లంకలకు అందించినారు. సీతమ్మగారి బాల్యమూ, కోనసీమ పచ్చబడడమూ దాదాపు ఒకే కాలంలో జరిగినవి.

లంకల గన్నవరం వాస్తవ్యులు డొక్కా జోగన్నగారు పండిత సభకు వెళ్ళి తిరిగివస్తూ, మధ్యాహ్నవేళ ఆకలితో భవానీశంకరంగారి ఇంటికి వచ్చినారనీ, అక్కడ జరిగిన ఆదరణ చూచి ఆ ఇంటి పిల్లను చేసుకోవాలని కోరినారనీ చెబుతారు. అనగా సీతమ్మగారి సంసారానికి నాంది పలికినది కూడా ఒక అతిథి ఆకలియే. అత్తవారింట కాలుపెట్టిన తరువాత ఆమె అన్నపుకుండ దింపలేదు. జోగన్నగారు కలిగిన రైతు, వేదం చదివినవారు. దంపతుల మధ్య ఈ విషయంలో భేదం రాలేదు.

గన్నవరం దారి మీది ఊరు. కోనసీమ నుండి బయటికి పోయేవారూ, అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి వచ్చేవారూ ఆ ప్రక్కనుండి సాగిపోయేవారు. గోదావరి మీద రాజమహేంద్రవరం వద్ద రైలు వంతెన 1900లో గాని రాలేదు. అంతకు పూర్వం ప్రయాణమంటే కాలినడక, ఎడ్లబండి, పడవ. డబ్బున్నవానికి పెద్ద ఊళ్ళలో పూటకూళ్ళ ఇల్లు ఉండేది. సత్రాలు లేకపోలేదు గాని, వాటిలో అనేకం ఫలానా కులంవారికని కట్టినవి. గుమ్మంలోనే మనిషిని ఎగాదిగా చూచి, ఏమిటివారని అడిగి, అప్పుడు లోపలికి రానిచ్చేవారు. ఈ నేపథ్యంలో, రాత్రి పగలు అనక, కులమేదని అడగక అన్నం పెట్టిన ఒక గృహస్థుని ఇల్లు బాటసారికి ఎంత పెద్ద ధైర్యమో ఊహించండి.

ఆమెను గురించి ఆ ప్రాంతంలో చెప్పుకొనే కథలు కొన్ని ఉన్నవి. అవి శాసనాలు కావు, జనం నోట నిలిచిన వృత్తాంతాలు. ఐనా వాటిని ప్రక్కప్రక్కన పెట్టి చూస్తే ఒక విశేషం కనబడుతుంది.

మొదటిది అంతర్వేది ప్రయాణం. ఎన్నాళ్ళనుండో అనుకొంటున్న దర్శనానికి సీతమ్మగారు పల్లకిలో బయలుదేరినారు. దారిలో బోయీలు అలసి పల్లకి దించినారు. ఆ దారినే ఎదురుగా ఒక కుటుంబం వస్తున్నది. పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు. పెద్దవారు వారిని సముదాయిస్తూ, ఇంకొంచెం ఓర్చుకోండి, గన్నవరం చేరితే సీతమ్మగారు అన్నం పెడతారు అంటున్నారు. ఆ మాట పల్లకిలో ఉన్న ఆమె చెవిని పడినది. స్వామిదర్శనం మానుకొని పల్లకి వెనుకకు మళ్ళించి, వారికన్న ముందుగా ఇల్లు చేరి వంట చేయించినారట.

రెండవది వరద రాత్రి. గోదావరి పొంగి ఉన్నది. అవతలి లంకనుండి ఆకలి, ఆకలి అని ఒక కేక వినబడినది. వద్దని వారించినవారు ఉన్నా వినక దంపతులు అన్నం మూట కట్టుకొని పడవ మీద వెళ్ళి ఆ మనిషికి పెట్టి వచ్చినారట.

మూడవది పిఠాపురం మహారాజావారు మారువేషంలో వచ్చిన కథ. ఈమె కీర్తి నిజమో కాదో చూడాలని ఆయన సామాన్యునివలె వచ్చి పంక్తిలో కూర్చున్నారట. అందరికీ వడ్డించినదే ఆయనకూ వడ్డించినారు. ఆయనకు ప్రత్యేకమూ లేదు, లోటూ లేదు.

ఈ మూడు కథలలోనూ సమానమైన అంశం ఒకటే. మొదటిదానిలో ఆమె విన్నది గొంతు మాత్రమే, పల్లకి తెర తీసి ఆ బాటసారుల వాలకం ఎటువంటిదో చూచిన మాట కథలో లేదు. రెండవదానిలో చీకటి, మనిషి కనబడడు. మూడవదానిలో కనబడిన రూపం అబద్ధం. ఈ కథలను అల్లినవారికీ చెప్పినవారికీ ఆమెలో ఏది గొప్పగా తోచినదో దీనివలన తెలుస్తున్నది. అన్నదాతలు ఆమెకు ముందూ ఉన్నారు, తరువాతా ఉన్నారు. ముఖం చూడనిదే చేయి ఆడని లోకంలో, ముఖం చూడకుండా చేయి చాచిన మనిషిగా జనం ఆమెను జ్ఞాపకం ఉంచుకొన్నారు.

సాహిత్యం చదివినవారికి ఇక్కడ కృష్ణదేవరాయల ఆముక్తమాల్యదలోని విష్ణుచిత్తుడు గుర్తుకు వస్తాడు. జడివానలో సైతం, వచ్చిన వైష్ణవులకు లోటు లేకుండా వంట చేయించి వడ్డించి, ఇంకా ఏమో తక్కువ చేసినానని నొచ్చుకొనే గృహస్థు అతడు. రాయలు ఆ ఘట్టాన్ని ఎంతో ముచ్చటగా వ్రాసినాడు. కాని విష్ణుచిత్తుని వాకిటికి వచ్చినవారు భాగవతులు, వారి తిరుమణియే వారి పరిచయపత్రం. సీతమ్మగారి వాకిటికి వచ్చినవారికి ఆకలి తప్ప మరొక గుర్తు అవసరం లేకపోయినది. కావ్యాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. జీవితం కావ్యాన్ని దాటిన సందర్భం ఇది అని చెప్పడమే.

ఆమె ముప్పదియైదేండ్ల ప్రాయంలో ఉండగా 1876లో ధాత కరువు వచ్చినది. 1878 వరకు మద్రాసు రాజధానిని, ముఖ్యంగా బళ్ళారి, కర్నూలు, కడప సీమలను అది పీల్చివేసినది. ఆనకట్టల పుణ్యమా అని గోదావరి, కృష్ణా డెల్టాలు నిలిచినవి. అప్పుడు సర్కారువారు ఆకలిని ఎట్లు కొలిచినారో చూడండి. వైస్రాయి పంపగా వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ 1877లో కరువు పనులకు వచ్చిన మగవానికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలునని నిర్ణయించినాడు. ఆ తిండితో కష్టం చేసే శరీరం నిలువదని మద్రాసు ఆరోగ్య కమిషనరు డాక్టర్ కార్నిష్ గట్టిగా వాదించినాడు. కొన్ని నెలలకు ఆ కూలి పెంచక తప్పలేదు. 1880 నాటి కరువు కమిషను నివేదిక, దానిపైన 1883లో వచ్చిన కరువు నిబంధనావళి, ఎవరికి సాయం అవసరమో తేల్చడానికి శ్రమనే పరీక్షగా పెట్టినవి. పని చేయగలవాడు రాళ్ళు కొట్టడానికి సిద్ధపడితేనే అతడు నిజంగా ఆకలిగొన్నవాడని లెక్క.

ఇందులో న్యాయం బొత్తిగా లేదని నేను అనను. కోట్లమందికి జవాబు చెప్పవలసిన ప్రభుత్వానికి ఏదో ఒక కొలత కావలె. కాని ఆ కొలతకు మూలంలో ఒక అనుమానం ఉన్నది: అడిగేవాడు అబద్ధమాడుతున్నాడేమో అని. గన్నవరం ఇంటిలో ఆ అనుమానానికి పీట వేయలేదు. మోసగాడెవడైనా వచ్చి తిన్నాడే అనుకొందాం, అతడు దోచుకొన్నది ఒక పూట భోజనం. నిజంగా ఆకలిగొన్నవానిని మోసగాడని పొమ్మంటే పోయేది ప్రాణం. ఈ రెండు నష్టాలలో ఏది భరించవచ్చునో ఆ ఇల్లాలికి తెలుసు. ఆ నష్టాన్ని ఆమె మాటలతో కాక ఆస్తితో భరించినది. అన్నదానంలో వారి భూములు కరిగిపోయినవని పెద్దలు చెబుతారు.

చూపు మోసం చేసే తీరు నాకు కన్నులార తెలిసినది 1986లో. ఆ ఆగస్టులో ధవళేశ్వరం వద్ద 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరద వచ్చి లంకలు మునిగినవి. నేను అప్పుడు కోనసీమలోని ఒక ఉన్నత పాఠశాలలో కొత్తగా చేరిన తెలుగు పండితుడను. మా తరగతి గదులలోనే బాధితులను ఉంచినారు. వరుసలో పట్టుపంచె కట్టుకొన్న ఒక నడివయస్కుడు నిలబడి ఉన్నాడు. పొట్లాలు పంచుతున్న గుమాస్తా అతనిని చూచి, “ఉన్నవాడివిలాగున్నావు, నీకెందుకయ్యా?” అని చేయి వెనుకకు తీసుకొన్నాడు. ఆ మనిషి మారు మాట్లాడక ప్రక్కకు తప్పుకొన్నాడు. గంజి కాస్తున్న ఒక ముసలామె గరిటె పట్టుకొనే లేచి వచ్చి, “నీళ్ళొచ్చేత్తుంటే ఏ గుడ్డ సేతికందితే అదే సుట్టుకొచ్చుంటాడండి బాబూ. పట్టుపంచో గోచిపాతో కడుపుకేటి తెలుసండీ?” అని అతనిని చేయి పట్టి కూర్చుండబెట్టి పోసినది. అతని ఇల్లు గోడలతో సహా పోయినదని తరువాత తెలిసినది. చినుగుబట్టను చూచి మనిషిని త్రోసివేయడం మనకు తెలిసిన దోషమే. మంచిబట్టను చూచి త్రోసివేయడం కూడా అదే దోషమని ఆ రోజున గ్రహించినాను. సీతమ్మగారి పేరు ఆ ముసలామె విన్నదో లేదో గాని, ఆమె పెట్టినది ఆ చేతి ముద్దయే.

ఇక చివరి కథ. ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేక సందర్భంగా 1903 జనవరి 1న ఢిల్లీలో దర్బారు జరిగినది. ఆ ఉత్సవానికి సీతమ్మగారికి ఆహ్వానం వచ్చినదనీ, ఆమె రానన్నారనీ, కనీసం ఆమె ఛాయాచిత్రమైనా తీసి పంపుమని పైనుండి ఉత్తరువు వచ్చినదనీ చెబుతారు. కీర్తి కోసం చేయడం లేదు, పటం ఎందుకని ఆమె నిరాకరించినారు. పటం లేకుండా వెడితే మా ఉద్యోగాలు పోతాయని వచ్చిన అధికారులు వేడుకొన్నారు. అప్పుడు ఒప్పుకొన్నారట. ఆ పటమే దర్బారులో ఒక ఆసనం మీద ఉంచినారని ప్రతీతి.

ఈ కథలో జనం చక్రవర్తి గౌరవాన్ని మెచ్చుకొంటారు. నాకు మాత్రం ఆమె ఒప్పుకొన్న కారణం ముఖ్యంగా తోస్తుంది. దొరతనపు దుస్తులతో, అధికారంతో వచ్చినవారిలో సైతం ఆమె చూచినది పొట్టకూటికి భయపడుతున్న మనుష్యులను. దరిద్రునియందు దయ చూపడం కొంత సులువు. అధికారపు వేషం వెనుక ఉన్న భయాన్ని గుర్తించి దయతలచడం అంత సులువు కాదు. ఎవరి ముఖమూ చూడక అన్నం పెట్టిన ఆ తల్లి ముఖం మనకు ఈనాడు తెలిసి ఉన్నదంటే, అదీ ఆమె ఎదుటివారి కష్టం కోసం పెట్టిన భిక్షయే.

1909 ఏప్రిల్ 28న సీతమ్మగారు పరమపదించినారు. గన్నవరం వద్ద తరువాతి కాలంలో కట్టిన కొత్త అక్విడక్టుకు ఆమె పేరు పెట్టినారు. 2022లో కోనసీమ ప్రత్యేక జిల్లా అయినది. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడి పిల్లల మధ్యాహ్న భోజనానికి ఆమె పేరు పెట్టినది. వండిన అన్నం బడిలోనే పెట్టవలెనని సుప్రీంకోర్టు 2001లో ఆదేశించగా మన రాష్ట్రంలో 2003లో మొదలైన పథకం అది. బడిలో పని చేసినవానిగా ఆ పంక్తిని చూచినాను. అక్కడ కంచం పట్టుకొన్న పిల్లవానిని ఆకలి నిజమేనా అని ఎవరూ అడగరు, బడికి వచ్చినాడు, అది చాలును. ఆ పేరు ఆ పథకానికి తగినదే. అయితే వండేవారికి వేళకు డబ్బు అందినప్పుడూ, వడ్డించే చేయి పిల్లల మధ్య భేదం చూపనప్పుడూ మాత్రమే ఆ పేరు నిలుస్తుంది.

మీ ఊళ్ళలోనూ ఇటువంటి ఇండ్లు ఉండి ఉంటాయి. బాటసారికి అన్నం పెట్టి ఆస్తి పోగొట్టుకొన్న దంపతులు, చలివేంద్రం నడిపిన ముసలివారు, కరువునాడు గాదె తెరిచిన రైతులు. వారి పేర్లు అక్విడక్టులకు ఎక్కలేదు. తెలిసిన పెద్దలు ఉండగానే అడిగి వ్రాసిపెట్టండి, చదివేవారిలో నేనొకడను ఉంటాను.

సెలవు.